బొమ్మ కుదిరేదాకా: పాత కన్సోల్, కొత్త టీవీ డైరీ

శనివారం ఉదయం: ముందు సరంజామా

టీవీలో గేమ్ కన్సోల్ బొమ్మ రానప్పుడు అందరూ చేసే మొదటి పని, తీగలన్నీ ఊడదీసి మళ్లీ గుచ్చడం. ఒక్కోసారి దానితోనే బొమ్మ వచ్చేస్తుంది. కానీ ఎందుకు పోయిందో, ఎందుకు వచ్చిందో తెలియదు కాబట్టి మళ్లీ పోయిన రోజున మొదటి నుంచి వెతుక్కోవాలి. బొమ్మ చెడిన తీరును చూస్తే చెడిన చోటు తెలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. నలుపు తెలుపుగా రావడం, పైకి కిందికి దొర్లడం, ఎరుపు ఒక్కటే మాయమవడం, చీకటి దృశ్యాల్లో తెల్లని చుక్కలు మెరవడం, ఉన్నట్టుండి తెర నల్లబడి తిరిగి రావడం. ఇవి ఒకే లోపానికి వేర్వేరు రూపాలు కావు. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంటుంది. అందుకే తీగ ముట్టుకునే ముందు తెర మీద కనబడుతున్నది కాగితం మీద రాయడం, ఆ తరువాత ఒకసారికి ఒక్క మార్పే చేయడం ఈ పని మొత్తానికి నియమంగా పెట్టుకున్నాను.

కలపాల్సినవి రెండు. ఒకటి 2000లో తొలిసారి విడుదలైన ప్లేస్టేషన్ 2. దాని మీద 1994 నాటి మొదటి ప్లేస్టేషన్ డిస్కులు కూడా ఆడతాయి, నాకు కావలసింది ముఖ్యంగా అదే. రెండోది 4కే ఇచ్చే కొత్త కన్సోల్, అది ఆడియో రిసీవర్ గుండా టీవీకి వెళ్లాలి. హాల్లోని టీవీ పల్చటిది. దాని వెనుక హెచ్‌డీఎంఐ సాకెట్లతో పాటు పాత పరికరాల కోసం రెండు చిన్న 3.5 మి.మీ. రంధ్రాలు మాత్రమే ఉన్నాయి, ఒకటి ఏవీకి, ఒకటి బొమ్మను మూడు తీగల్లో పంపే కాంపొనెంట్‌కు. పడకగదిలో ఇంకో పాత టీవీ ఉంది, దానికి రంగురంగుల గుండ్రటి ఆర్‌సీఏ సాకెట్లు ఉన్నాయి. పోల్చి చూసుకోవడానికి ఇలాంటి రెండో టీవీ దొరకడం పెద్ద అండ.

పనిముట్లుగా మల్టీమీటరు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు, టార్చి, కాగితం, పెన్ను.

శనివారం సాయంత్రం: బొమ్మ లేదు, ఝుంకారం ఉంది

పసుపు, తెలుపు, ఎరుపు ప్లగ్గులున్న మామూలు కాంపోజిట్ తీగతో, అంటే బొమ్మ మొత్తం ఒక్క పసుపు ప్లగ్గులోనే వెళ్లే దానితో, మొదలు పెట్టాను. హాల్లోని టీవీకి నేరుగా గుచ్చే వీలు లేదు. మూడు ఆర్‌సీఏ సాకెట్లు ఒక చివర, 3.5 మి.మీ. పిన్ను మరో చివర ఉండే అడాప్టర్ కావాలి. టీవీతో వచ్చినది కనబడలేదు, విడిగా తెచ్చిన అడాప్టర్ పెట్టాను. తెర ఖాళీ. కానీ కుడి స్పీకరులో గట్టి ఝుంకారం.

ఆ ఝుంకారాన్ని విసుగుతో ఆపేయకూడదు, అది చాలా విలువైన సమాచారం. వీడియో సంకేతం సెకనుకు సుమారు 60 సార్లు కొత్త ఫీల్డును, అంటే బొమ్మలో ఒక విడత గీతలను, మొదలు పెడుతుంది. ఆ లయ మన చెవికి వినపడే స్థాయిలోనిదే. కాబట్టి వీడియో పొరపాటున ఆడియో తీగలోకి వెళితే ఇలాంటి శబ్దమే వస్తుంది. అంటే కన్సోల్ బొమ్మను పంపుతోంది, అది తప్పుడు గుమ్మంలోకి వెళుతోంది. ఇది ఇంకా ఊహే. దీన్ని నిర్ధారించుకోవడానికి కన్సోల్‌ను పడకగది టీవీకి మార్చాను.

అక్కడ బొమ్మ వచ్చింది, నలుపు తెలుపులో.

ఆ టీవీలో పసుపు సాకెట్ విడిగా లేదు. కాంపొనెంట్ ఆకుపచ్చ సాకెట్టే వీడియోకు కూడా పనికివస్తుందని పక్కన చిన్న అక్షరాలతో ఉంది. చాలా టీవీల్లో ఇదే ఏర్పాటు. సాకెట్ ఒక్కటే అయినా, లోపల దాన్ని ఎలా చదవాలన్నది సోర్స్ మెనూలో మనం ఎంచుకునే దాన్ని బట్టి ఉంటుంది. కాంపొనెంట్ అని ఉంటే ఆకుపచ్చ తీగలో వెలుగు సమాచారం మాత్రమే ఉందనుకుని టీవీ దాన్నే చూపిస్తుంది. కాంపోజిట్‌లో రంగు కూడా అదే తీగలో కలిసి వస్తుంది. పాత టీవీల రంగు పద్ధతులు రెంటిలో, ఎన్‌టీఎస్‌సీలో 3.58 మెగాహెర్ట్జ్, పాల్ పద్ధతిలో 4.43 మెగాహెర్ట్జ్ ఉపవాహక తరంగం మీద. దాన్ని విడదీసే పని టీవీ చేయకపోతే రంగు సన్నని చుక్కల వలలా తెర మీద మిగిలిపోతుంది. దగ్గరగా వెళ్లి చూస్తే గాఢమైన రంగులు ఉండాల్సిన చోట సరిగ్గా అలాంటి వలే ఉంది. సోర్స్‌ను ఏవీకి మార్చగానే రంగులు వచ్చాయి.

నలుపు తెలుపుకు ఇంకో కారణం కూడా ఉంటుంది. కన్సోల్ ఒక రంగు పద్ధతిలో పంపి టీవీ ఇంకో పద్ధతిలో చదవడం. అప్పుడు టీవీ మెనూలో రంగు పద్ధతిని ఆటోకు మార్చి చూడాలి. రంగు పోవడంతో పాటు బొమ్మ దొర్లుతుంటే మాత్రం తేడా 525 గీతల 60 హెర్ట్జ్‌కూ 625 గీతల 50 హెర్ట్జ్‌కూ మధ్య ఉందని అర్థం. పాత గాజు తెర టీవీల్లోనే ఇది ఎక్కువ. పల్చటి టీవీలు చాలావరకు రెంటినీ అంగీకరిస్తాయి.

ఇప్పుడు తేలింది ఏమిటంటే కన్సోల్ బాగుంది, తీగ బాగుంది. మిగిలింది అడాప్టర్. మల్టీమీటరును కంటిన్యుటీలో, అంటే రెండు చోట్ల మధ్య తీగ కలిసి ఉందా అని చూసే అమరికలో పెట్టి, 3.5 మి.మీ. పిన్ను మీది నాలుగు భాగాలలో ఏది ఏ సాకెట్‌కు చేరుతోందో చూశాను. కొనలో ఎడమ శబ్దం. తరువాతి వలయంలో పసుపు. దాని తరువాత గ్రౌండ్. మొదట్లో, అంటే తీగ వైపున, కుడి శబ్దం. హాల్లోని టీవీ పుస్తకంలోని బొమ్మ ప్రకారం వీడియో మొదట్లో ఉండాలి, కుడి శబ్దం కొన తరువాతి వలయంలో. రెండూ తారుమారు. ఈ నాలుగు భాగాల వరుసకు అందరూ పాటించే ఒకే పద్ధతి లేదు, ఒక్కో తయారీదారు ఒక్కో వరుస పెట్టుకున్నారు. అదృష్టం ఏమిటంటే గ్రౌండ్ రెంటిలోనూ ఒకే చోట ఉంది. అందువల్ల కన్సోల్ పసుపు ప్లగ్గును అడాప్టర్ ఎర్ర సాకెట్లో, ఎరుపును పసుపులో పెడితే చాలు. పెట్టాను, బొమ్మ పడింది, ఝుంకారం ఆగింది. గ్రౌండ్ కూడా వేరే చోట ఉంటే ఈ ఉపాయం పారదు, సరైన అడాప్టర్ తెచ్చుకోవాల్సిందే.

అడాప్టర్ మీద కాగితం అతికించి, ఏ రంగు ఎక్కడ పెట్టాలో రాశాను.

మంగళవారం రాత్రి: కాంపొనెంట్, పారిపోయిన ఎరుపు

కాంపోజిట్‌తో తృప్తి పడలేను. అక్షరాల అంచుల్లో రంగు చీమల్లా పాకుతుంది, సన్నని గీతలున్న చోట ఇంద్రధనుస్సు మరకలు పడతాయి. వెలుగూ రంగూ ఒకే తీగలో కలిపేశాక వాటిని పూర్తిగా విడదీయడం ఏ టీవీకీ సాధ్యం కాదు. ఎస్-వీడియో ఆ రెంటినీ రెండు తీగల్లో పంపుతుంది. కాంపొనెంట్ ఇంకా ముందుకు వెళ్లి, వెలుగును ఆకుపచ్చ తీగలోనూ, నీలానికీ వెలుగుకూ ఉన్న తేడాను నీలం తీగలోనూ, ఎరుపుకూ వెలుగుకూ ఉన్న తేడాను ఎరుపు తీగలోనూ పంపుతుంది. ప్లేస్టేషన్ 2 వెనుక ఉన్న ఒకే ఏవీ మల్టీ అవుట్ సాకెట్ నుంచి ఇవన్నీ వస్తాయి, మారేది తీగే.

తీగ మార్చే ముందే, కాంపోజిట్‌లో బొమ్మ కనబడుతుండగానే కన్సోల్ అమరికలోకి వెళ్లాలి. డిస్కు లేకుండా ఆన్ చేసి, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో కాంపొనెంట్ వీడియో అవుట్ అనే వరుసను ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా) నుంచి వై-సీబీ-సీఆర్ (ఇప్పుడు చెప్పిన వెలుగు, రెండు తేడాలు) వైపు మార్చాలి. ఇది తీగ మార్చాక చేద్దామనుకుంటే మెనూయే సరిగా కనబడకపోవచ్చు. ఆర్‌జీబీలో తెలుపు అంటే మూడు తీగల్లోనూ నిండుగా వోల్టేజీ. కాంపొనెంట్‌లో తెలుపు అంటే ఆకుపచ్చ తీగలో నిండుగా, మిగతా రెంటిలో సున్నా. కాబట్టి ఆర్‌జీబీ సంకేతాన్ని కాంపొనెంట్ సాకెట్లలో పెడితే తెల్లనివన్నీ గులాబీ-ఊదా రంగుకు తిరుగుతాయి. తిరగేసి, కాంపొనెంట్ సంకేతాన్ని ఆర్‌జీబీ సాకెట్లలో పెడితే తెర మొత్తం ఆకుపచ్చగా మారుతుంది. తెర ఊదాగా ఉందా, ఆకుపచ్చగా ఉందా అన్న ఒక్క ప్రశ్నతో అమరిక ఎటు వైపు తప్పిందో చెప్పేయవచ్చు.

అమరిక మార్చి, టీవీతో వచ్చిన కాంపొనెంట్ అడాప్టర్ పెట్టి, కారు పందెం ఆట వేశాను. తీగలు టీవీ వెనుక, తెర ముందు. ఒక్కరితో అయ్యే పని కాదు కనుక చెల్లెలిని ముందు కూర్చోమన్నాను.

“అన్నయ్యా, బొమ్మ వచ్చింది. కానీ ఎర్ర కారు పాచి రంగులో ఉంది.”

“రోడ్డు మీది తెల్ల గీతలు ఎలా ఉన్నాయి?”

“తెల్లగానే ఉన్నాయి.”

ఆ రెండో జవాబు కీలకం. తెలుపు తెలుపుగానే ఉంది కాబట్టి అమరిక సరైనదే. ఎరుపు తేడా తీగ మాత్రమే అందడం లేదు. ఎరుపు రంగులో వెలుగు భాగం తక్కువ, సుమారు 30 శాతం. ఎరుపు తేడా రాకపోతే టీవీకి మిగిలేది ఆ మసక వెలుగూ, నీలం లేదన్న సమాచారమూ మాత్రమే. రెండూ కలిస్తే ముదురు పాచి రంగు వస్తుంది. నీలం తీగ పోతే పసుపు వెలిసిపోతుంది, నీలం చీకటిగా మారుతుంది. ఆకుపచ్చ పోతే బొమ్మే ఉండదు, ఎందుకంటే గీతలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సింక్ అందులోనే వస్తుంది.

ముందుగా ప్లగ్గులు చూశాను. కాంపొనెంట్ తీగలో ఎర్ర ప్లగ్గులు రెండు ఉంటాయి, ఒకటి బొమ్మది, ఒకటి కుడి శబ్దానిది. అవి తారుమారైతే ఎరుపు పోవడంతో పాటు కుడి స్పీకరులో ఝుంకారం కూడా రావాలి. ఇక్కడ శబ్దం శుభ్రంగా ఉంది. కాబట్టి అది కాదు. తీగను ప్లగ్గు దగ్గర మెల్లగా వంచుతూ పోయాను.

“వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది!” అంది చెల్లెలు.

ప్లగ్గు మెడ దగ్గర లోపలి తీగ తెగింది. మీటరుతో కూడా చూసి ఖాయం చేసుకున్నాను. కొత్త ప్లగ్గు టంకం వేసే వరకు, మూలన పడి ఉన్న మామూలు ఆడియో తీగ నుంచి ప్లగ్గున్న ముక్కను కోసి, తెగిన కొసకు మెలిపెట్టి కలిపాను. వీడియోకు 75 ఓముల తీగ ఉండాలన్నది నిజమే, కానీ ఒక్క మీటరు పొడవున, ఈ తక్కువ పౌనఃపున్యాల దగ్గర కంటికి తేడా తెలియదు. కన్సోల్ వైపు సాకెట్‌ను కూడా ఆల్కహాల్ తడిపిన దూది పుల్లతో తుడిచాను. పుల్ల నల్లగా వచ్చింది.

శుక్రవారం: ఒక డిస్కుకు బొమ్మ, ఇంకో డిస్కుకు చీకటి

ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన చిక్కు ఇది.

ప్లేస్టేషన్ 2 ఆటలు కాంపొనెంట్‌లో చక్కగా వస్తున్నాయి. అదే కన్సోల్, అదే తీగ, అదే టీవీ. మొదటి ప్లేస్టేషన్ డిస్కు వేస్తే సంస్థ గుర్తు కనబడి, ఆట మొదలవగానే తెర నల్లబడుతోంది. “ఈ సిగ్నల్‌ను చూపలేను” అన్న అర్థంలో టీవీ ఒక పెట్టె చూపిస్తోంది. శబ్దం మాత్రం నిక్షేపంగా వస్తోంది. కాంపోజిట్‌కు మార్చితే అదే డిస్కు ఆడుతుంది.

ఇక్కడ పాత టీవీ సంకేతం కట్టిన తీరు తెలియాలి. ఎన్‌టీఎస్‌సీలో ఒక పూర్తి బొమ్మకు 525 గీతలు. వాటిని రెండు ఫీల్డులుగా విడగొట్టి, ఒక్కోదానికి 262.5 గీతల చొప్పున పంపుతారు. ఆ అర గీతే అసలు కిటుకు. దానివల్ల రెండో ఫీల్డు గీతలు మొదటి ఫీల్డు గీతల సందుల్లో పడతాయి, రెండు దువ్వెనల పళ్లు ఒకదానిలో ఒకటి దూరినట్టు. దీన్నే 480ఐ అంటారు, తెర మీద కనబడే గీతలు 480 కాబట్టి. పాత కన్సోళ్ల తయారీదారులు ఆ అర గీతను వదిలేశారు. ఫీల్డుకు సరిగ్గా 262 గీతలు పంపితే ప్రతి ఫీల్డూ ముందటి చోటే పడుతుంది. గీతలు సగమే అయినా, కదలిక సెకనుకు 60 సార్లు నిలకడగా, వణుకు లేకుండా వస్తుంది. ఇది 240పి. ఇది ఏ ప్రసార ప్రమాణంలోనూ లేని పద్ధతి, గాజు తెర టీవీలు మాత్రం పేచీ లేకుండా అంగీకరించాయి.

పల్చటి టీవీ అలా కాదు. వచ్చిన సంకేతాన్ని కొలిచి, తనకు తెలిసిన పట్టికలోని ఏ పద్ధతితో సరిపోతుందో చూసుకుంటుంది. కాంపోజిట్ వైపు చాలా టీవీలు 240పిని 480ఐ అనుకుని చూపించేస్తాయి. కాంపొనెంట్ వైపు పట్టికలో 240పి లేని టీవీలు తెరను నల్లబెడతాయి. హాల్లోని టీవీ రెండో రకానిది. ప్లేస్టేషన్ 2 ఆటలు చాలావరకు 480ఐలో వస్తాయి కనుక వాటితో చిక్కు లేదు. పడకగది టీవీకి కాంపొనెంట్ తీగ పెట్టి చూస్తే 240పి కూడా వచ్చింది. కన్సోల్‌లో ఏ లోపమూ లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

చూపించే టీవీల్లోనూ ఒక నష్టం ఉంది. 480ఐ అనుకున్న టీవీ, పక్కపక్క ఫీల్డులను ఒకదానిలో ఒకటి అల్లడానికి ప్రయత్నిస్తుంది. పాత ఆటల్లో పాత్రల నీడను పారదర్శకంగా చూపడానికి ఒక ఫీల్డులో గీసి, తరువాతి దానిలో వదిలేసే ఉపాయం ఉండేది. అల్లిన బొమ్మలో ఆ నీడ చారలుగా మారుతుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. దెబ్బ తిన్న పాత్ర మిణుకుమిణుకుమనాల్సిన చోట అసలు కనబడకుండా పోవడం కూడా ఇందువల్లే. ఆట చెడిపోయిందని డిస్కును తుడుస్తూ కూర్చునే వారికి ఈ సంగతి తప్పక చెప్పాలి.

దారులు రెండు. మొదటి ప్లేస్టేషన్ ఆటలకు ప్రతిసారీ కాంపోజిట్‌కు మారడం ఒకటి. 240పిని సరిగా గుర్తించి హెచ్‌డీఎంఐగా మార్చే పరికరం పెట్టడం రెండోది. నేను రెండోదాన్ని ఎంచుకున్నాను. ఇందుకు ఏ ఏవీ-హెచ్‌డీఎంఐ డబ్బా అయినా చాలదు. సాధారణ డబ్బాలు కూడా 240పిని 480ఐగానే చదువుతాయి, చాలావరకు 4:3 బొమ్మను 16:9కి సాగదీస్తాయి, పైగా ఆలస్యం పెంచుతాయి. స్నేహితుడి దగ్గర ఓఎస్‌ఎస్‌సీ ఉంది, అంటే ఓపెన్ సోర్స్ స్కాన్ కన్వర్టర్. రేపు తెస్తానన్నాడు.

శనివారం: గీతను రెండు చేసే పెట్టె

ఓఎస్‌ఎస్‌సీ పద్ధతి నాకు నచ్చడానికి కారణం దాని నిరాడంబరత. అది ఫ్రేమును దాచుకుని ఆలోచించదు. ఒక గీత రాగానే దాన్ని వెంటనే రెండుసార్లో మూడుసార్లో బయటికి పంపుతుంది. అందుకే దానివల్ల కలిగే ఆలస్యం ఫ్రేములో కూడా ఎన్నదగినంత ఉండదు. కాంపొనెంట్ తీగ అందులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ టీవీకి, శబ్దం విడిగా రిసీవర్‌కు.

రెండింతల అమరికలో 240పి కాస్తా 480పి, అంటే 480 గీతలూ ఒకేసారి వచ్చే పద్ధతి అయింది, టీవీ మారు మాట్లాడకుండా అందుకుంది. ఆ చీకటి డిస్కు మొదటిసారి నిండుగా, అంచులు చెక్కినట్టు కనబడింది. మూడింతలు కూడా పనిచేసింది. నాలుగింతలు పెడితే “సిగ్నల్ లేదు” అంటోంది. 960 గీతలన్నది టీవీల ప్రామాణిక పద్ధతి కాదు, కాబట్టి కొన్ని టీవీలు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. ఈ టీవీకి మూడింతల దగ్గర ఆగాను.

చెప్పుకోవాల్సిన లోటు ఒకటుంది. కొన్ని ఆటలు మెనూలో 480ఐ, ఆటలో 240పి వాడతాయి. మారే ప్రతిసారీ టీవీ కొత్త సంకేతాన్ని పట్టుకోవడానికి తెర నల్లబడి తిరిగి వస్తుంది. ఇక 480ఐలో నడిచే ప్లేస్టేషన్ 2 ఆటలకు ఈ పెట్టె ఒక్కో ఫీల్డునే నిలువునా సాగదీసి చూపుతుంది, దానితో బొమ్మ సన్నగా వణుకుతుంది. అందుకే వాటిని నేరుగా టీవీ కాంపొనెంట్‌కే ఇస్తున్నాను. 480పి ఇవ్వగల ఆటలు మాత్రం వేరు. కొన్నిటిలో ఆట మొదలవుతుండగా త్రికోణం, ఇంటూ మీటలను కలిపి నొక్కి పట్టుకుంటే ప్రోగ్రెసివ్ స్కాన్ కావాలా అని అడుగుతుంది. అలాంటివి ఏ దారిలోనైనా బాగుంటాయి.

అంచుల సంగతి కూడా ఈ రోజే చూశాను. ప్రాణాలు, స్కోరు చూపే అంకెలు తెర పైఅంచులో సగం కోసుకుపోయి ఉన్నాయి. పాత టీవీలు బొమ్మ అంచుల్ని చట్రం వెనుక దాచేవి, ఆ అలవాటును పల్చటి టీవీలు కూడా ఓవర్‌స్కాన్ పేరుతో కొనసాగించాయి. బొమ్మ పరిమాణం మెనూలో దీన్ని ఆపే వరుస ఉంటుంది. ఒక్కో టీవీలో ఒక్కో పేరు, జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్, 1:1. హెచ్‌డీఎంఐ సాకెట్‌కు విడిగా, కాంపొనెంట్‌కు విడిగా పెట్టుకోవాల్సి వచ్చింది. మెగా డ్రైవ్, డ్రీమ్‌కాస్ట్, నింటెండో వీ లాంటి కన్సోళ్లు ఉన్నవారికి 240పి టెస్ట్ సూట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులోని గళ్ల బొమ్మ చూస్తే ఏ అంచు ఎంత పోయిందో కచ్చితంగా తెలుస్తుంది.

ఆదివారం: కొత్త కన్సోల్, మెరిసే చుక్కలు

పాత సంకేతాలు కొద్దికొద్దిగా చెడతాయి. డిజిటల్ సంకేతం అలా చెడదు, అందుకే దాని లక్షణాలు కూడా వేరు. కొత్త కన్సోల్‌ను రిసీవర్ గుండా కలిపి 4కే హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) పెట్టగానే చీకటి దృశ్యాల్లో తెల్లని చుక్కలు మెరిశాయి. అప్పుడప్పుడు తెర మొత్తం నల్లబడి తిరిగి వస్తోంది. 1080పికి దించితే ఏ మచ్చా లేదు.

“1080పిలో బాగుంది కాబట్టి తీగ బాగుంది” అన్న వాదన చాలా చోట్ల వింటాను. అది నిలవదు. 1080పి సెకనుకు 60 ఫ్రేములకు తీగ మోయాల్సింది 4.46 గిగాబిట్లు. 4కే 60 ఫ్రేములకు, రంగును కుదించకుండా, 8 బిట్లకే 17.82 గిగాబిట్లు. నాలుగింతలు. 2013 నాటి హెచ్‌డీఎంఐ 2.0 హద్దు 18. అంటే హద్దుకు ఆనుకుని నడుస్తోంది. 10 బిట్ల హెచ్‌డీఆర్‌కు అదే పద్ధతిలో చోటు చాలదు కాబట్టి కన్సోల్ రంగు వివరాన్ని 4:2:2కో 4:2:0కో తగ్గించి పంపుతుంది. 2017లో వచ్చిన 2.1 ఈ హద్దును 48కి పెంచింది. తీగ కాస్త నాసిరకమైనా, కాస్త పొడవైనా ముందుగా తెలిసేది ఈ పైవేగాల దగ్గరే. చుక్కలంటే అక్కడక్కడ బిట్లు తప్పుగా చేరుతున్నాయని. నల్లబడటమంటే తప్పులు మితిమీరి టీవీ పట్టు కోల్పోయి, మళ్లీ మొదటి నుంచి పలకరించుకుంటోందని.

కన్సోల్ నుంచి రిసీవర్‌కు పొట్టి తీగ, రిసీవర్ నుంచి టీవీకి పొడవాటి తీగ. ముందు రిసీవర్‌ను పక్కనబెట్టి, పొట్టి తీగతో కన్సోల్‌ను నేరుగా టీవీకి కలిపాను. శుభ్రం. తరువాత అదే చోట పొడవాటి తీగ పెట్టాను. చుక్కలు తిరిగి వచ్చాయి. రిసీవర్ అసలు దారిలో లేకుండానే లోపం కనబడింది, కాబట్టి రిసీవర్‌ను అనుమానించాల్సిన పని లేదు. లోపం ఆ తీగ వెంటే తిరుగుతోంది.

తీగ కొనేటప్పుడు మీద అచ్చువేసిన అంకెల కన్నా ధ్రువీకరణ ముద్ర చూడటం మేలు. 18 గిగాబిట్లకు ప్రీమియం హై స్పీడ్, 48కి అల్ట్రా హై స్పీడ్. డబ్బా మీద స్కాన్ చేసి సరిచూసుకునే ముద్ర ఉంటుంది. అంతకన్నా మంచి పని పొడవు తగ్గించడం. రిసీవర్‌ను టీవీ కిందికి జరిపాను, దానితో పొడవాటి తీగ అవసరమే పోయింది. చుక్కలు లేవు.

కానీ ఇంకో వింత. కన్సోల్ మెనూలో హెచ్‌డీఆర్ ఎంపికే లేదు. ఇది తీగ సంగతి కాదు. హెచ్‌డీఎంఐ 19 పిన్నుల్లో 15, 16 మీదుగా టీవీ తన సామర్థ్యాల చిట్టాను, అంటే ఈడీఐడీని, కన్సోల్‌కు చదివి వినిపిస్తుంది. 19వ పిన్ను “నేను ఉన్నాను” అని చెబుతుంది. చిట్టాలో లేనిదాన్ని కన్సోల్ ఇవ్వదు. టీవీ మెనూలో ప్రతి హెచ్‌డీఎంఐ సాకెట్‌కూ విడిగా ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ లాంటి పేరుతో ఒక అమరిక ఉంది. అది ఆపి ఉంటే టీవీ తన పాత చిట్టానే ఇస్తుంది. దాన్ని ఆన్ చేశాను. అయినా ఎంపిక కనబడలేదు. రిసీవర్ పాత చిట్టాను గుర్తుపెట్టుకుని అదే అందిస్తోంది. మూడింటినీ గోడ ప్లగ్గుల నుంచి తీసి, కాసేపు ఆగి, ముందు టీవీ, తరువాత రిసీవర్, చివరగా కన్సోల్ ఆన్ చేశాను. ఎంపిక వచ్చింది.

తీగ మార్చే వీలు లేనివారికి ఒక సర్దుబాటు ఉంది. ప్లేస్టేషన్ 5లో 4కే వీడియో బదిలీ వేగాన్ని ఆటో నుంచి మైనస్ 1కి, కాకపోతే మైనస్ 2కి దించవచ్చు. రంగు వివరం కొద్దిగా తగ్గుతుంది, ఆటలో అది కనిపెట్టడం కష్టమే.

ఆదివారం రాత్రి, చిన్న చేర్పు

టీవీ అందుకోలేని రిజల్యూషన్‌లో కన్సోల్ చిక్కుకుపోతే మెనూయే కనబడదు. ప్లేస్టేషన్ 3లో ఆపి ఉన్న స్థితి నుంచి పవర్ మీటను రెండో బీప్ వినపడే వరకు నొక్కి ఉంచితే వీడియో అమరిక మొదటికి వస్తుంది. ప్లేస్టేషన్ 4, 5ల్లో కూడా రెండో బీప్ వరకు పట్టుకుంటే సేఫ్ మోడ్ తెరుచుకుంటుంది, రిజల్యూషన్ మార్చే వరుస అందులోనే ఉంది. కంట్రోలరును యూఎస్‌బీ తీగతో కలపాలి, వైర్‌లెస్‌గా అక్కడ పనిచేయదు.

బుధవారం: నలుపులోని నలుపు

బొమ్మ వచ్చింది, నిలకడగా ఉంది. అయినా గుహ దృశ్యంలో గోడలు కనబడటం లేదు, అంతా సిరా పోసినట్టుంది. వెలుగు పెంచుకుంటూ పోతే మిగతావన్నీ వెలిసిపోతున్నాయి.

8 బిట్ల వీడియోలో నలుపు నుంచి తెలుపు వరకు రాయడానికి రెండు సంప్రదాయాలున్నాయి. టీవీ పద్ధతిలో నలుపు 16, తెలుపు 235. కంప్యూటర్ పద్ధతిలో 0 నుంచి 255. కన్సోల్ 0-255లో పంపి టీవీ 16-235గా చదివితే 16 కన్నా కింద ఉన్న నీడలన్నీ ఒకే నలుపులో మునిగిపోతాయి. తిరగేస్తే నలుపు బూడిదగా, బొమ్మ పాలిపోయినట్టు ఉంటుంది. ఇక్కడ జరుగుతున్నది మొదటిది. కన్సోల్‌లో ఆర్‌జీబీ రేంజ్‌ను ఆటోకు మార్చి, టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ కూడా ఆటోలో పెట్టాను. గుహ గోడ రాళ్లు విడివిడిగా కనబడ్డాయి. రెండు చోట్లా ఒకే పద్ధతి ఉండాలన్నదే ముఖ్యం, ఏ పద్ధతి అన్నది కాదు.

తరువాత గేమ్ మోడ్. 60 ఫ్రేముల ఆటలో ఒక ఫ్రేము 16.7 మిల్లీ సెకన్లు. టీవీ బొమ్మను నునుపు చేయడానికి, కదలికను సాగదీయడానికి కొన్ని ఫ్రేములు దగ్గర పెట్టుకుంటుంది, ఆ మేరకు మీట నొక్కడానికీ పాత్ర ఎగరడానికీ మధ్య ఎడం పెరుగుతుంది. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, కంట్రోలరు మీటా తెరా రెండూ కనబడేలా చిత్రించాను. అందులో ఒక్కో ఫ్రేము సుమారు 4.2 మిల్లీ సెకన్లు. గేమ్ మోడ్ లేనప్పుడు మీటకూ ఎగరడానికీ మధ్య 30 దాటి ఫ్రేములు లెక్కకు వచ్చాయి, పెట్టాక దాదాపు సగం. ఇందులో ఆట సొంత ఆలస్యం కూడా కలిసి ఉంది, కాబట్టి ఇది టీవీ ఒక్కదాని అంకె కాదు. తేడా మాత్రం పూర్తిగా టీవీదే. పదును పెంచే అమరికనూ బొమ్మలోని నాయిస్‌ను (గింజగింజల మచ్చలను) తగ్గించే అమరికనూ కూడా ఆపేశాను. పాత ఆటల్లో చుక్క చుక్కగా గీసిన ముఖాలను అవి మైనం పూసినట్టు చేస్తున్నాయి.

మిగిలిన పనులు: తెగిన ఎర్ర ప్లగ్గుకు టంకం. ఓఎస్‌ఎస్‌సీ తిరిగి ఇచ్చేలోపు, 480ఐని కదలికను బట్టి సర్ది చూపే రెట్రోటింక్ 5ఎక్స్ లాంటి పరికరంతో ఈ వణుకు ఎంత తగ్గుతుందో పక్కపక్కన పెట్టి చూడాలి. తీగలన్నిటికీ రెండు చివరలా పేర్లు రాసిన పట్టీలు చుట్టాను. టీవీ ఒక్కో సాకెట్‌కు పెట్టిన అమరికల పట్టికను ఈ డైరీ చివరి పేజీలో అతికిస్తున్నాను.